షాపు వాళ్ళు పొరపాటున తక్కువ బిల్లు వేశారు, తర్వాత అడిగితే కట్టాలా?

ఫ్రిజ్ ఇంటికొచ్చి వారం అయ్యాక షాపు నుంచి ఫోన్ వస్తుంది: "సార్, మీ బిల్లులో మూడు వేలు తక్కువ పడింది, ఒకసారి రండి." లేదా నెలనెలా టంచనుగా కరెంటు బిల్లు కట్టేవాళ్ళకి ఉన్నట్టుండి పద్దెనిమిది వేలకి నోటీసు వస్తుంది. ఎవరి నోటైనా మొదట వచ్చే మాట ఒకటే: తప్పు వాళ్ళది, నేనెందుకు కట్టాలి?

ఆ వాదన ఒంటరిగా నిలబడదు. తప్పు ఎవరిదన్నది మన చట్టంలో రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఇద్దరూ ఏ ధరకి ఒప్పుకున్నారని. ఒప్పుకున్న ధర కన్నా తక్కువ కట్టి ఉంటే మిగతాది బాకీయే, మీరు ఎంత కోప్పడినా. ఒప్పుకున్న ధరే తక్కువై, దాన్ని పూర్తిగా కట్టేసి ఉంటే మాత్రం "అయ్యో, రేటు తప్పు చెప్పాం" అని వెనక్కి వచ్చి అడిగే హక్కు షాపుకి మామూలుగా ఉండదు. ఇక్కడ చెప్పేదంతా మన దేశపు చట్టం ప్రకారం. లక్షల్లో విషయమైతే ఇది చదివి ఆగిపోకుండా కాగితాలు పట్టుకుని ఒక లాయరుని కలవండి.

1. ధర ఎక్కడ ఖరారైందో పట్టుకోండి

అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి తొందరపడకండి. ఫోన్లోనే "సరే కడతాను" అనొద్దు, "కట్టను పో" అని కూడా అనొద్దు. "చూసి చెప్తాను" అని పెట్టేసి బిల్లు, కొటేషన్, వాట్సాప్‌లో రేటు మాట్లాడుకున్న మెసేజ్‌లు, యూపీఐ రసీదు, ఏవి దొరికితే అవి ముందేసుకోండి.

ధర ఇద్దరికీ తెలిసి, డబ్బు మాత్రమే తక్కువ చేతులు మారిన సందర్భాలు చాలా ఉంటాయి. బిల్లు మీద 28,500 ఉంది, మీరు స్కాన్ చేసి 25,800 కొట్టారు, కౌంటర్లో ఆ అబ్బాయి సౌండ్ బాక్స్ మోగిందా లేదా అనే విన్నాడు తప్ప అంకె వినలేదు. నాలుగు చీరలు సంచిలో పడ్డాయి, మూడే స్కాన్ అయ్యాయి. హోటల్లో రెండు బిర్యానీలు తిన్నారు, బిల్లులో ఒకటే ఉంది. వీటన్నిటిలో మిగతా డబ్బు మీరు ఇవ్వాల్సిందే. 1930 నాటి వస్తువుల అమ్మకపు చట్టం ప్రకారం, సరుకు కొన్నవాళ్ళ సొంతమయ్యాక ధర ఇవ్వకపోతే అమ్మినవాళ్ళు దావా వేయొచ్చు. కౌంటర్లో ఎక్కువ చిల్లర ఇచ్చినా అంతే. పొరపాటున ఇచ్చిన డబ్బుని పుచ్చుకున్నవాళ్ళు తిరిగివ్వాలని 1872 కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతుంది. బ్యాంకు మీ ఖాతాలో పొరపాటున వేసిన డబ్బు తిరిగి అడిగేది కూడా ఈ సెక్షన్ బలంతోనే. ఎక్కువ వచ్చిందని తెలిసీ వాడేసుకుంటే వ్యవహారం సివిల్ బాకీతో ఆగకపోవచ్చు, భారతీయ న్యాయ సంహితలో ఇతరుల సొత్తుని దురుద్దేశంతో సొంతానికి వాడుకోవడం నేరం, అది 314వ సెక్షన్.

ఇంకో రకం వేరు. షాపే ధర తప్పుగా పెట్టింది. మిక్సీ కింద 3,999 అని చీటీ ఉంది, బిల్లూ అంతే వచ్చింది, మీరూ అంతే కట్టి ఇంటికి తెచ్చుకున్నారు. నాలుగు రోజులకి "అసలు రేటు 4,999 అండీ, ఆఫర్ ఆదివారమే అయిపోయింది, చీటీ మార్చడం మర్చిపోయాం" అంటారు. ఒక పక్షం మాత్రమే పొరబడితే ఆ ఒక్క కారణంతో ఒప్పందం రద్దు చేయదగినది కాదని అదే కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ అంటుంది. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం షాపులో పెట్టిన ధరల పట్టిక కన్నా, ప్యాకెట్ మీద ఉన్న ధర కన్నా, ఇద్దరూ ఒప్పుకున్న ధర కన్నా ఎక్కువ తీసుకోవడం ఫిర్యాదుకి తగిన కారణం. కాబట్టి ఇక్కడ మర్యాదగా "లేదండీ" అనొచ్చు.

ఇక 45,000 టీవీకి సున్నాలు ఎగిరిపోయి 450 అని పడితే? అది పొరపాటని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. అవతలివాళ్ళు పొరబడుతున్నారని తెలిసే కొన్నాక "మేం ఆ ధరకే ఒప్పుకున్నాం" అన్న వాదనలో బలం ఉండదు. షాపు టీవీ వెనక్కి తీసుకుని డబ్బిస్తానంటే ఒప్పుకోవడం మంచిదని నా అభిప్రాయం.

బంగారం షాపుల్లో ఈ రెండు రకాలూ ఒకే బిల్లులో కలిసిపోతాయి, అందుకే గొడవలూ అక్కడే ఎక్కువ. బిల్లులో ఆ రోజు గ్రాము రేటు, నికర బరువు, తరుగు శాతం, మజూరీ, రాళ్ళ విలువ, దాని మీద 3 శాతం జీఎస్టీ విడివిడిగా ఉంటాయి. తరుగు 14 శాతం అంటే మీరు బేరమాడి 9కి దించారు, బిల్లులో 9 అనే పడింది. తర్వాత మేనేజర్ ఫోన్ చేసి "మా సేల్స్‌మన్‌కి అంత తగ్గించే అధికారం లేదు" అంటే అది వాళ్ళ ఇంటి విషయం, మీ బేరం ముగిసింది. అదే 24.310 గ్రాముల గొలుసుకి బిల్లులో 21.430 అని కొట్టారనుకోండి, అప్పుడు కథ మారుతుంది. మీరు ఒప్పుకున్నది గ్రాము రేటుకి, మీ మెడలో ఉన్నది ఇరవై నాలుగు గ్రాములు, తేడా బరువుకి డబ్బు ఇవ్వాలి. ఇచ్చే ముందు గొలుసుని బయట ఇంకోచోట తూకం వేయించుకోండి, షాపువాళ్ళ మాట మీద, షాపువాళ్ళ కాటా మీద వెళ్ళిపోవద్దు. తేడా బరువుకి ఆ రోజు రేటే కట్టాలి, ఇవాళ్టి రేటు కాదు. బంగారం పెరిగిన రోజుల్లో ఈ ఒక్క మాట మర్చిపోతే వేలల్లో పోతాయి.

2. ఆన్‌లైన్‌లో అయితే సరుకు ఇంటికి వచ్చిందా లేదా చూడండి

పెద్ద సైట్ల నిబంధనల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: మీరు ఆర్డర్ పెట్టడం ప్రతిపాదన మాత్రమే, సరుకు పంపినప్పుడే ఒప్పందం అయినట్టు. అందుకే తప్పు ధర పడిన వస్తువుల ఆర్డర్లు పంపకముందే రద్దు చేసి డబ్బు వెనక్కి ఇస్తారు. ఒళ్ళు మండుతుంది గానీ చాలాసార్లు చేయగలిగింది తక్కువ. ఒకటి గుర్తుంచుకోండి: 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, తాము రద్దు చేసినప్పుడు కస్టమర్‌కి ఏమీ కట్టని కంపెనీ, కస్టమర్ రద్దు చేసుకుంటే మాత్రం చార్జీ వేయకూడదు.

డబ్బు కట్టి, సరుకు ఇంటికొచ్చేశాక "ధర తప్పు, తేడా కట్టండి" అంటే అది పైన చెప్పిన మిక్సీ లాంటిదే. క్యాష్ ఆన్ డెలివరీలో వచ్చిన కుర్రాడు యాప్‌లో చూపించిన దానికన్నా ఎక్కువ అడిగితే ఇవ్వకండి, యాప్‌లో ఉన్నదే మీ ధర.

3. ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టండి

అమ్మిన సరుకు ధర కోసం దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం మామూలుగా 3 ఏళ్ళు ఇస్తుంది. పొరపాటు కారణంగా వేసే దావాల్లో మాత్రం ఆ గడువు పొరపాటు బయటపడిన రోజు నుంచి, లేదా కాస్త శ్రద్ధ పెడితే బయటపడి ఉండగలిగిన రోజు నుంచి మొదలవుతుంది, ఇది 17వ సెక్షన్. రోజూ సాయంత్రం గల్లా లెక్క చూసుకునే షాపు "నాలుగేళ్ళ తర్వాత ఇవాళే గమనించాం" అంటే నమ్మించడం కష్టం.

ఇక్కడే చాలామంది తెలియకుండా బోల్తా పడతారు. గడువు లోపల "అవును, మీకు ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం పెడితే 3 ఏళ్ళ లెక్క ఆ రోజు నుంచి మళ్ళీ మొదలవుతుంది. గడువు దాటిపోయిన బాకీని కడతానని రాసిచ్చినా ఆ మాటకి కట్టుబడాల్సి వస్తుంది. కాబట్టి లెక్క తేలేదాకా మీ మెసేజ్‌లలో "మీరు అంటున్న మొత్తం" అని రాయండి, "నా బాకీ" అని రాయకండి.

4. ఆధారం అడగండి, అడిగింది నిజంగా వాళ్ళేనా చూడండి

అసలు బిల్లు, సరిచేసిన బిల్లు, తేడా ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో రాసిచ్చిన వివరణ, ఈ మూడూ అడగండి. నిజంగా పొరపాటు జరిగిన షాపుకి ఇవి ఇవ్వడం ఐదు నిమిషాల పని. ఇవ్వడానికి నసుగుతుంటే ఆగండి.

అసలు ఫోన్ చేసింది షాపేనా అన్నది ఈ మధ్య ఇంకా ముఖ్యమైంది. "మీ కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి సప్లై కట్ చేస్తాం, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అనే మెసేజ్ తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఫోన్లకి వచ్చింది, దాన్ని నమ్మి యాప్ దించుకున్నవాళ్ళ ఖాతాలు ఖాళీ అయ్యాయి. వచ్చిన లింకు నొక్కకండి, వచ్చిన నంబర్‌కి తిరిగి ఫోన్ చేయకండి, బిల్లు మీద ముద్రించిన నంబర్‌కే చేయండి. మోసపోయామని తెలిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. షాపు దగ్గర్లో ఉంటే నడిచి వెళ్ళి కట్టడం అన్నిటికన్నా మేలు.

5. కరెంటు బిల్లు అయితే దారి వేరు

మన దగ్గర ఈ తక్కువ బిల్లుల గొడవ పెద్ద మొత్తాల్లో వచ్చేది ఇక్కడే, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను. ఇళ్ళకి కేటగిరీ 1, షాపులకి కేటగిరీ 2 వేయాల్సిన చోట సిబ్బంది తప్పు కేటగిరీ పెట్టడం, మీటర్ నెమ్మదిగా తిరగడం, తలుపు తాళం వేసి ఉందని నెలల తరబడి సగటు బిల్లు ఇవ్వడం, పెద్ద కనెక్షన్లకి రీడింగ్‌ని గుణించాల్సిన అంకె తప్పుగా నమోదవడం, కారణాలు ఇలా ఉంటాయి. ఆడిట్‌లో బయటపడ్డాక మొత్తం ఒకేసారి నోటీసుగా వస్తుంది.

దీని మీద 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్‌లో రెండో భాగం చాలా ముఖ్యం: ఒక మొత్తం మొదట చెల్లించాల్సి వచ్చిన తేదీ నుంచి 2 ఏళ్ళు దాటితే, దాన్ని బకాయిగా బిల్లుల్లో చూపిస్తూ రాకపోతే, ఇక వసూలు చేయకూడదు. ఇది చదివి "రెండేళ్ళు దాటింది, అయిపోయింది" అని సంబరపడొద్దు. రాజస్థాన్‌లో అజ్మీర్ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఒక వినియోగదారుడికి 2009 జూలై నుంచి 2011 సెప్టెంబర్ దాకా తప్పు టారిఫ్ కోడ్‌తో బిల్లు వేసి, 2014లో 29,342 రూపాయలు అదనంగా అడిగింది. సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో చెప్పింది ఇది: నిజాయితీగా జరిగిన పొరపాటైతే 2 ఏళ్ళ తర్వాత కూడా అదనపు బిల్లు ఇవ్వొచ్చు, కానీ దాని కోసం కరెంటు కట్ చేయకూడదు. అంటే దావా వేసి వసూలు చేసుకోవచ్చు గానీ ఫ్యూజు పీకుతామని మెడ మీద కత్తి పెట్టడానికి వీల్లేదు. 2021లో హర్యానాలోని ఒక మిల్లు కేసులో గుణకం 10 బదులు 5 వేసి ఏళ్ళ తరబడి సగం బిల్లే ఇచ్చారు, తర్వాత కోటికి పైగా అడిగారు. ఇలా తప్పించుకుపోయిన లెక్కని తర్వాత అడగడం సేవా లోపం కిందకి రాదని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి "తక్కువ బిల్లు వేయడమే మీ సేవా లోపం" అని వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే నెగ్గే అవకాశం తక్కువ. దారి వేరే ఉంది.

నోటీసు చేతికి రాగానే అది ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూడండి. మామూలు షార్ట్ బిల్లింగ్, అంటే పొరపాటున తక్కువ బిల్లు వేయడం అయితే కింది దారి. 126వ సెక్షన్ అని ఉంటే వాళ్ళు దాన్ని తమ పొరపాటుగా కాక మీ అనధికార వాడకంగా చూస్తున్నారని, అంటే ఇంటి మీటర్ మీద చెప్పకుండా కొట్టు నడపడం లాంటిదని. అప్పుడు సంబంధిత టారిఫ్‌కి రెట్టింపు పడుతుంది, తుది ఉత్తర్వు మీద 30 రోజుల్లో, సగం కట్టి, అప్పీలుకి వెళ్ళాలి. రెంటినీ కలిపేసుకుని తప్పు ఆఫీసుల చుట్టూ తిరిగే లోపు ఆ 30 రోజులు గడిచిపోతాయి.

షార్ట్ బిల్లింగ్ అయితే మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్)ని, ఈఆర్‌ఓ (కరెంటు రెవెన్యూ ఆఫీసు)ని రాతపూర్వకంగా అడగాల్సినవి: నెలవారీ లెక్క, మీటర్ పరీక్ష చేసి ఉంటే ఆ రిపోర్టు, ఏ తేదీన ఎవరు తప్పు గమనించారో. లెక్క రాగానే స్లాబులు చూడండి. ఎనిమిది నెలల యూనిట్లని ఒక్క నెలలో కుమ్మరిస్తే పై స్లాబు రేటు పడి మొత్తం ఉబ్బిపోతుంది, ఏ నెల యూనిట్లని ఆ నెలకి పంచి, అప్పటి రేటుతో వేయమని పట్టుబట్టండి. చాలా నోటీసుల్లో నిజంగా తగ్గేది ఇక్కడే.

కరెంటు కట్ చేయాలంటే కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ లోపు మీరు, వాళ్ళు అడిగిన మొత్తాన్నో, లేదా గత 6 నెలల్లో కట్టిన సగటు చార్జీ చొప్పున లెక్కనో, రెంటిలో ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి కడితే వివాదం తేలేదాకా కట్ చేయకూడదు. ఈ వెసులుబాటు 56వ సెక్షన్‌లోనే ఉంది, కౌంటర్లో ఎవరూ మీకు చెప్పరు. కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి, పని కాకపోతే మీ డిస్కం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకి (అందరూ సీజీఆర్‌ఎఫ్ అంటారు), అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కి. లాయర్ లేకుండా మీరే వెళ్ళొచ్చు.

ఆంధ్రలో బిల్లు కింద వచ్చే ట్రూ అప్ (పాత ఖర్చుల సర్దుబాటు), ఇంధన సర్దుబాటు చార్జీలు దీంట్లోకి రావు. పాత నెలల వాడకం మీదే వేస్తారు కాబట్టి పాత బాకీలా కనిపిస్తాయి గానీ అవి నియంత్రణ మండలి అనుమతితో అందరి మీదా పడేవి, మీ ఒక్కరి బిల్లు పొరపాటు కాదు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు మాత్రం ఇదంతా మర్చిపోవచ్చు. అక్కడ 2018 నుంచి, తప్పు వినియోగదారుడిది కాకపోతే, 12 నెలల కన్నా పాత గ్యాస్, కరెంటు వాడకానికి కంపెనీలు వెనక్కి వెళ్ళి బిల్లు వేయకూడదు.

6. కట్టాల్సిందే అని తేలితే ఎలా కట్టాలి

బాకీ మీదే అయినా, గడబిడ వాళ్ళది. అందుకే వాయిదాలు అడగడానికి మొహమాటపడకండి. ఏడాదిపాటు తక్కువ వేశారంటే ఏడాదిలో కడతానని అడగడం న్యాయమే. పాత తేదీ నుంచి వడ్డీ, ఆలస్య రుసుము కలిపితే ఏ నిబంధన కింద అని రాతలో అడగండి, బిల్లే ఇవ్వని మొత్తానికి మీరు ఆలస్యం చేసింది ఏముంది? వస్తువు ఇంకా విప్పకపోతే, ఆ ధరకి మీకు అక్కర్లేదనిపిస్తే, తిరిగిచ్చి డబ్బు తీసుకుంటానని కూడా చెప్పి చూడండి, చాలా షాపులు ఒప్పుకుంటాయి.

ఇలా ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది: "ఫలానా తేదీ, ఫలానా నంబర్ బిల్లు విషయంలో మీరు అంటున్న రూ. 2,700 తేడాకి సరిచేసిన బిల్లు పంపండి. లెక్క సరిగా ఉంటే మూడు నెలల్లో మూడు సమాన వాయిదాలుగా చెల్లిస్తాను. ఇది కట్టాక ఈ బిల్లు మీద ఇంకేమీ మిగలదని రాసివ్వండి." ఆఖరి వాక్యం వదిలిపెట్టొద్దు. కట్టేది కూడా షాపు ఖాతాకే కట్టి రసీదు తీసుకోండి, ఉద్యోగి సొంత నంబర్‌కి కాదు.

7. బెదిరిస్తే

షాపు మీ కార్డు నుంచి తనంతట తాను డబ్బు లాక్కోలేదు, మామూలు చెల్లింపుకి మీ పిన్నో ఓటీపీయో కావాలి. అలా లాగితే వెంటనే బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వారంటీ ఆపేస్తాం, సర్వీసుకి మనిషిని పంపం అంటే ఆ మాటని మెసేజ్‌లో రప్పించుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. "పోలీస్ కేసు పెడతాం" అన్నది ఎక్కువగా ఉత్త మాటే. బిల్లులో మొదటి నుంచీ పొరపాటు వాళ్ళదై, మీరు ఏమీ దాచకపోతే అది సివిల్ బాకీ, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో తేలాల్సింది. ఐదారు వందల కోసం ఆ కోర్టు మెట్లు ఎక్కే షాపు ఉండదు, అది వాళ్ళకీ తెలుసు.

అయితే ఈ చిన్న మొత్తాల్లో చట్టం చెప్పని సంగతి ఒకటుంది. "మేడమ్, నా జీతంలో కోస్తారు" అని కౌంటర్ అమ్మాయి అడిగినప్పుడు అది చాలాసార్లు నిజమే. ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల పోయిన డబ్బుని, కారణం చెప్పుకునే అవకాశం ఇచ్చాక, కోసుకోవడానికి వేతనాల చట్టమే వీలిస్తుంది, ఆ అవకాశం ఇచ్చే షాపులు ఎన్నో మీకే తెలుసు. రెండు వందల కోసం కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ చదివి వినిపించడం నాకైతే ఇష్టం ఉండదు. ధర చీటీ తప్పు వాళ్ళదే అయినా, మొత్తం చిన్నదై మీకు భారం కాకపోతే ఇచ్చేయండి, కానీ రసీదు షాపు పేరు మీదే అడగండి, అప్పుడు ఆ అమ్మాయి జీతంలో మళ్ళీ కోయడానికి వాళ్ళకి సాకు ఉండదు.

8. తప్పు చేసిన షాపు మీదే అయితే

తెలిసిన రోజే చెప్పండి, నెల ఆగితే కస్టమర్‌కి అది మోసంలా వినిపిస్తుంది. తక్కువ పడింది ధరలోనో పన్నులోనో అయితే జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ కింద డెబిట్ నోట్ (తక్కువ పడిన మొత్తం చూపించే కాగితం) ఇవ్వాలి, పాత బిల్లు మీద పెన్నుతో దిద్దితే చెల్లదు. అవతల ఉన్నది ఇంకో వ్యాపారి అయితే అది లేకుండా అతను ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకోవడం) తీసుకోలేడు, కాబట్టి మీకు తేడా డబ్బు రాదు. ఎమ్మార్పీ ఉన్న ప్యాకెట్ సరుకు మీద "జీఎస్టీ కలపడం మర్చిపోయాం" అనకండి, ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపి. ఖాతా పుస్తకం మీద నడిచే కిరాణా అయితే తేడాని వచ్చే నెల పద్దులో మెల్లగా కలిపేయొద్దు. విడిగా రాసి, కస్టమర్ ముందు చదివి, ఒప్పుకున్నాకే కలపండి.